మనవరాలి చదువు, ఇంటి కాగితాలు

(గౌలిపుర శాఖ మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాం. – సం.)



కార్యదర్శి గారు నన్ను "విదేశీ చదువులు – బ్యాంకు అప్పులు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. నేను బ్యాంకు ఉద్యోగిని కాను. ట్రెజరీలో ముప్పైనాలుగేళ్లు ఇతరుల బిల్లులు చూసి 2009లో రిటైరైన వాణ్ణి. ఇతరుల డబ్బు లెక్క చూసినంత తేలిక కాదు సొంత ఇంటి లెక్క చూడడం. ఆ సంగతి నాకు 2025లో, డెబ్బైనాలుగో ఏట తెలిసింది. కాబట్టి ఉపన్యాసం లాంటిది ఇవ్వను. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇదే జరుగుతోందని నాకు తెలుసు.

మా మనవరాలు, అంటే మా అబ్బాయి కూతురు, బి.ఏ. పూర్తిచేసింది. ఆమె చదవదలచుకున్నది అంతర్జాతీయ సంబంధాలు. ఇంజనీరింగు కాదు, కంప్యూటర్లు కాదు. దేశాల మధ్య మైత్రి, వైరం, ఒప్పందాలు, ఐక్యరాజ్యసమితి, ఈ వ్యవహారమన్నమాట. ఈ పిచ్చి ఆమెకు ఎక్కడ పట్టుకుందో చెబితే మీకు నవ్వు వస్తుంది. పట్టించినవాణ్ణి నేనే.

2019 అక్టోబరు మొదటి వారంలో పేపర్లన్నిటిలో నిజాం గారి లండన్ డబ్బు కేసు తీర్పు వచ్చింది. మీకందరికీ గుర్తుండే ఉంటుంది. 1948 సెప్టెంబరు 20న, పోలీసు చర్య ముగిసీ ముగియగానే, నిజాం ప్రభుత్వ మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు నుంచి పది లక్షల పౌండ్ల పైచిలుకు సొమ్మును పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా పేరున బదిలీ చేశాడు. అది మాదంటే మాదని హైదరాబాదు, ఇండియా, పాకిస్తాన్ డెబ్బై ఏళ్లు కొట్లాడుకున్నాయి. చివరికి 2019 అక్టోబరు 2న అక్కడి హైకోర్టు ఇండియాకు, నిజాం వారసులకు అనుకూలంగా తీర్పు చెప్పింది. అప్పటికి ఆ సొమ్ము మూడున్నర కోట్ల పౌండ్లయింది. నేను ఇదంతా పొద్దున్న చాయ్ తాగుతూ పైకి చదువుతుంటే పదిహేనేళ్ల పిల్ల పక్కన చేరి, "తాతా, మన శాలిబండ, చార్మినార్ ఉన్న ఊరు కోసం లండన్‌లో కేసా? ఒక ఊరి డబ్బు ఎవరిదో ఇంకో దేశం ఎట్లా తేలుస్తుంది?" అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. తెలియనిది లైబ్రరీకి పోయి వెతుక్కుంది. అక్కణ్ణుంచి ఆమె దారి అదే. మన హైదరాబాదు వారైన సయ్యద్ అక్బరుద్దీన్ గారు 2016 నుంచి 2020 వరకు ఐక్యరాజ్యసమితిలో మన దేశపు శాశ్వత ప్రతినిధిగా ఉన్నారు. ఆయన టీవీలో కనబడితే ఇంట్లో సీరియలు బంద్.

2025 మార్చిలో బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయం నుంచి అడ్మిషన్ పత్రం వచ్చింది. ఏడాది ఎం.ఏ. ఇంట్లో పండగైంది. మా ఆవిడ లాల్ దర్వాజా అమ్మవారికి మొక్కుకున్నదట, ఆ సంగతీ అప్పుడే బయటపడింది. ఆ సాయంత్రం నేను పాత అలవాటు చొప్పున ఒక తెల్లకాగితం తీసుకుని గీతలు కొట్టాను.

ఫీజు 21,000 పౌండ్లు. లండన్ కాని ఊరు గనుక తిండికీ గదికీ నెలకు 1,136 పౌండ్లు బ్యాంకులో చూపాలని అప్పటి వీసా నిబంధన. తొమ్మిది నెలలకు చూపిస్తే చాలన్నారు గానీ పిల్ల తినవలసింది పన్నెండు నెలలు కదా! అది 13,632 పౌండ్లు. అక్కడి ఆసుపత్రి సేవలకు కట్టే సర్‌చార్జి ఏడాదికి 776. వెరసి 35,408 పౌండ్లు. అప్పటి ధర చొప్పున పౌండుకు 112 రూపాయలు వేస్తే 39 లక్షల 65 వేల పైచిలుకు. టికెట్టు, వీసా ఫీజు కలిపితే నలభై దాటుతుంది. లెక్క సులువుగా ఉండాలని నలభై అనుకున్నాం.

బ్యాంకులో చెప్పింది: విదేశీ చదువుకు పదిహేను శాతం మనం పెట్టుకోవాలి, అంటే ఆరు లక్షలు. మిగిలిన ముప్పైనాలుగు లక్షలు వాళ్లిస్తారు. వడ్డీ పదిన్నర శాతం. ఏడున్నర లక్షలు దాటింది గనుక స్థిరాస్తి కుదువ పెట్టాలి. చదువు కాలం ఒక ఏడాది, ఆపైన మరో ఏడాది కిస్తీ కట్టనక్కరలేదు. పదిహేనేళ్లలో తీర్చవచ్చు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఆ రెండేళ్లు వడ్డీ లేని కాలమని మనలో చాలామంది అనుకుంటారు. నా పక్కింటి మిత్రుడూ అట్లాగే అనుకున్నాడు. కట్టనక్కరలేదన్నారే గానీ వడ్డీ పడదని ఎవరూ అనలేదు. సాధారణ వడ్డీ నడుస్తూనే ఉంటుంది, చివర అసలులో కలుస్తుంది. ముప్పైనాలుగు లక్షలకు రెండేళ్ల వడ్డీ ఏడు లక్షల పైమాట. డబ్బు విడతలుగా ఇస్తారు గనుక కొంచెం తగ్గించి, నలభై ఒక్క లక్షలు అనుకుందాం. పిల్ల మొదటి కిస్తీ కట్టే రోజు ఆమె నెత్తి మీద ఉండే అసలు అదీ. దానికి పదిహేనేళ్ల కిస్తీ నెలకు 45,300 రూపాయలు. మొత్తం కట్టేది ఎనభై ఒకటిన్నర లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 55,300. బ్యాంకు వాళ్లు కిస్తీ ఎంతో చెప్పారు గానీ ఈ మొత్తం చెప్పలేదు. అడిగితే చెప్పేవారేమో, మేమూ అడగలేదు.

నిజాం గారి పది లక్షల పౌండ్లు డెబ్బై ఒక్క ఏళ్లలో ముప్పై అయిదు రెట్లు కావడానికి ఏడాదికి సుమారు అయిదు శాతం పెరుగుదల చాలింది. మా పిల్ల అప్పు దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుందన్నమాట. ఈ మాట నేను సరదాకే అన్నాను. ఆమె నవ్వలేదు.

నాకు 2009లో కమ్యూట్ చేసిన పెన్షను పదిహేనేళ్లు నిండి 2024లో తిరిగి కలిసింది. ఆ పెరిగిన డబ్బుతో కిస్తీకి సాయపడదామని గొప్పగా అనుకున్నాను. చూస్తే అది నెలకు నాలుగు వేల చిల్లర. అబ్బాయి ప్రైవేటు కంపెనీలో అకౌంటెంటు. వాడికి చేతికొచ్చేది ఆ కిస్తీ కంటే మూడు వేలు ఎక్కువ. ఇంకొక మాట, మనవాళ్లు తరచూ అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను. చదువు అప్పు వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. ఎనిమిదేళ్లు వస్తుంది. అయితే అది తన చదువుకో, జీవిత భాగస్వామి చదువుకో, పిల్లల చదువుకో, చట్టరీత్యా తను సంరక్షకుడైన విద్యార్థి చదువుకో తీసుకుంటేనే. చట్టరీత్యా సంరక్షకుడు కాని తాత తన పేరున మనవరాలి కోసం తీసుకుంటే రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఎట్లాగూ లేదు.

ఇక కుదువ సంగతి. మాకున్నది గౌలిపురలో తొంభై ఆరు గజాల ఇల్లు. మా నాన్న గారు 1958లో కొన్నారు. బైనామా ఉర్దూలో ఉంది. నాకు ఉర్దూ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. బ్యాంకు వకీలు గారికి అసలే రాదు. పురానీ హవేలీ దగ్గర ఒక పెద్దమనిషి చేత 3,500 రూపాయలకు తర్జుమా చేయించాను. తర్వాత లింకు డాక్యుమెంట్లన్నారు, ఇ.సి. అన్నారు. 1979లో నాన్న పోయాక నేను, మా తమ్ముడు, మా చెల్లెలు తెల్లకాగితం మీద పంపకం రాసుకున్నాం. రిజిస్టరు చేయించలేదు. పాతబస్తీలో ఇట్లాంటి కాగితం లేని ఇల్లు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వకీలు గారు అది పనికిరాదని, వారసులందరూ సంతకం పెట్టాలని తేల్చారు. మా తమ్ముడు లేడు. వాడి కొడుకు నిజామాబాదులో ఉంటాడు. ఫోను చేస్తే, "పెద్దనాన్నా, కాదనను. కాని ఇంట్ల ఒకసారి మాట్లాడుకొని చెప్త" అన్నాడు. వాడి మాటలో తప్పేమీ లేదు. నేనైనా అంతే అందును.

మా చెల్లెలు మాత్రం ఆలోచించలేదు. ఆమె భర్త పోయి పన్నెండేళ్లయింది. వెనక గదిలో ఉంటుంది. ఆ గది తప్ప ఆమెకు ఈ లోకంలో మరో చోటు లేదు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, "ఎక్కడ పెట్టాల్నో చెప్పన్నా, పెడ్త" అన్నది. ఏ కాగితమని అడగలేదు. మా మనవరాలు అక్కడే గడప దగ్గర నిలబడి ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి పాత కారణం ఒకటుంది. ఈ సభలో ఎప్పుడూ చెప్పలేదు. 2006లో నేను సర్వీసులో ఉండగా ఒక ఆప్తమిత్రుడి కొడుకు చదువుకు ఆరు లక్షల అప్పు కావలసి వచ్చింది. నాలుగు లక్షలు దాటితే మూడో మనిషి జమానతు కావాలన్నారు. చాయ్ తాగినంత సేపట్లో సంతకం పెట్టాను. అబ్బాయి చదివాడు, ఉద్యోగమూ వచ్చింది. 2009లో ఆ కంపెనీ మూతపడింది. నేను రిటైరైన ఆర్నెల్లకు నోటీసు నా పేరున వచ్చింది. గ్రాట్యుటీ డబ్బులోంచి లక్షా అరవై వేలు కట్టాను. మిత్రుడు తర్వాత మూడేళ్లలో అయిదు వేలు, పది వేలు చొప్పున పైసా మిగలకుండా తీర్చాడు. తీర్చాడు గానీ మా ఇంటికి రావడం మానేశాడు. ఎదురుపడితే సందు మారేవాడు. బాకీదారుగా నా ముందు నిలబడలేకపోయాడు, అంతే. ఆయన పోయినప్పుడు పాడె పట్టుకుంటే మూడో మనిషి చెబితే తెలిసింది, చివరి రోజుల్లో నా గురించి అడిగాడని.

పొద్దున్నే నేనూ మనవరాలూ మళ్ళీ కూర్చున్నాం. ఈసారి అప్పు కాగితం పక్కన పెట్టి, సంపాదన కాగితం తీశాం. మా ఆవిడ వంటింట్లోంచి, "పిల్ల మనసు ఇరగ్గొట్టకుండ్రి" అని ఒకటే హెచ్చరిక. నేను విరవలేదు. నేను ప్రశ్నలు వేశాను, ఆమె వెతికి జవాబులు రాసింది.

మొదటి ప్రశ్న: ఈ చదువు చదివినవాళ్లకు అక్కడ ఉద్యోగం ఏది? విదేశాంగ శాఖే కదా ముందు గుర్తొచ్చేది. బ్రిటన్ విదేశాంగ శాఖలో బ్రిటిష్ పౌరులకే ఉద్యోగం. అమెరికా దౌత్య ఉద్యోగమూ అమెరికా పౌరులకే. ఏ దేశమైనా తన రహస్యాలు పరాయి దేశపు పిల్ల చేతిలో పెట్టదు కదా! ఇంజనీరు కట్టే వంతెన ఏ దేశంలోనైనా వంతెనే. దౌత్యం అట్లా కాదు. ఈ చదువుకున్న మొదటి చిక్కు ఇక్కడే ఉంది. కంప్యూటరు చదివిన పక్కింటి అబ్బాయి అప్పు తీర్చాడు గనుక మన పిల్లా తీర్చేస్తుందనుకోవడానికి వీల్లేదు. చదువు పూర్తయ్యాక బ్రిటన్‌లో రెండేళ్లు ఉండి ఉద్యోగం వెతుక్కోనిచ్చే పద్ధతి ఉంది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి దాన్ని పద్దెనిమిది నెలలకు కుదించారు. ఆ తర్వాత ఉండాలంటే, 2025 జూలై నుంచి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతమిచ్చే కొలువు చూపాలి. కొత్తగా చేరేవారికి కొంత సడలింపు ఉన్నా అదీ చిన్న జీతమేమీ కాదు. అమెరికా అయితే ఇంజనీరింగు, సైన్సు వారికి చదువయ్యాక ఏడాది పని అనుమతి మీద మరో రెండేళ్ల పొడిగింపు ఉంది. ఈ చదువుకు సాధారణంగా ఆ ఒక్క ఏడాదే.

రెండో ప్రశ్న ఐక్యరాజ్యసమితి. అక్కడి సచివాలయంలో ఇంటర్న్‌షిప్ చేస్తే జీతం లేదు. న్యూయార్కులోనో జెనీవాలోనో సొంత ఖర్చుతో ఉండాలి. యువతకు పెట్టే పోటీ పరీక్ష ఒకటుంది గానీ అది ప్రాతినిధ్యం తక్కువున్న దేశాల వారికి.

మూడోది మన దేశం. మన విదేశాంగ సేవకు, అదే ఐ.ఎఫ్.ఎస్.కు, సివిల్ సర్వీసు పరీక్ష రాయాలి. ఏ డిగ్రీ అయినా చాలు. లండన్ ఎం.ఏ.కి అదనంగా ఒక్క మార్కు రాదు. నెగ్గి చేరితే మొదటి మూలవేతనం 56,100 రూపాయలు. అంటే దేశంలో అత్యంత కష్టమైన పరీక్ష పాసై రాయబారి మెట్టు మొదటిది ఎక్కినా, మూలవేతనంలో 45,300 కిస్తీకే పోతుంది. పరిశోధన వైపు పోతే, నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000. దానికి ఇంటద్దె వేరు. ఢిల్లీలో పరిశోధన సంస్థల్లో చేరిన తన సీనియర్లు ఇద్దరిని ఫోనులో అడిగింది. ఒకరికి నలభై, ఒకరికి నలభై అయిదు వేలు. ఆ నలభై వేల అంకె కింద ఆమె పెన్సిలుతో గీత గీసి, పక్కన 45,300 అని రాసి, కాసేపు చూస్తూ కూర్చుంది.

"తాతా, మంచి ఉద్యోగమొస్తే ఎంతని అందరూ చెప్పిండ్రు. మామూలు ఉద్యోగమొస్తే ఎంతని ఎవ్వరూ చెప్పలే" అన్నది.

నాకు తోచిన లెక్క ఆ మాటలో ఉంది. అప్పు చేసేటప్పుడు అందరికంటే పెద్ద జీతం వచ్చినవాడి ఫోటో చూపిస్తారు. కన్సల్టెన్సీల గోడల మీద ఉండేవి ఆ ఫోటోలే. చాలా కన్సల్టెన్సీలు పిల్లల దగ్గర ఫీజు తీసుకోకుండా విశ్వవిద్యాలయాల దగ్గర కమిషన్ తీసుకుంటాయి. అవి మనకెందుకు చేదు చెబుతాయి? మనం చూడవలసింది, పిల్ల వెనక్కి వచ్చి ఇక్కడ చేరితే వచ్చే మొదటి మామూలు జీతం. అందులో కిస్తీ మూడో వంతు మించితే ఆ అప్పు పిల్ల తీర్చేది కాదు. తీర్చేది తండ్రి. తండ్రి వల్ల కాకపోతే ఇల్లు.

అప్పు వద్దే వద్దని నేననడం లేదు. ఈ సభలోనే ఒక సభ్యుడి మనవడు జర్మనీలో ఇంజనీరింగు చదివి నాలుగేళ్లలో అప్పు తీర్చాడు. మా పిల్ల చదువు ఆ రకం కాదన్నంత వరకే నా మాట. డబ్బు లేనివాళ్లు ఈ చదువు ఆశించకూడదనీ కాదు. వెతికితే దారులున్నాయి. రెండేళ్ల ఉద్యోగానుభవం ఉన్నవారికి బ్రిటన్ ప్రభుత్వమే చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఫీజు, ఖర్చు, టికెట్టు అన్నీ వాళ్లవే. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, అంతే. యూరపులో ఎరాస్మస్ ముండుస్ అని ఉంది. మన తెలంగాణ ప్రభుత్వం ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీ విద్యార్థులకు వేర్వేరు పేర్లతో విదేశీ విద్యా నిధి పథకాలు నడుపుతున్నది. ఇరవై లక్షల వరకు ఇచ్చింది. ఆదాయ పరిమితి ఉంది, సంక్షేమ శాఖ కార్యాలయంలో ఆ ఏటి నిబంధనలు కనుక్కోండి. దేశంలోని పేరున్న సంస్థల్లో సీటొస్తే 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి కింద కుదువ, జమానతు లేకుండా అప్పు దొరుకుతుంది. ఇంకొకటి మా పిల్ల వెతికి చెప్పింది. ఈ సబ్జెక్టులో ఎం.ఏ.కి మనం డబ్బు కట్టాలి గానీ, అమెరికాలో పిహెచ్.డి. సీటు వస్తే చాలా విశ్వవిద్యాలయాలు వాళ్లే ఫీజు మాఫీ చేసి నెలనెలా భత్యం ఇస్తాయి.

పి.వి. నరసింహారావు గారు 1980 నుంచి 84 వరకు, మళ్ళీ 1988–89లో విదేశాంగ మంత్రిగా చేశారు. ఆయన చదివింది న్యాయశాస్త్రం. దేశదేశాల్లో ఆయనకు అక్కరకొచ్చింది భాషలు. ఈ మాట నేనంటే మా పిల్ల, "అయితే తార్నాకలో ఇఫ్లూ ఉండనే ఉంది కదా, భాష అక్కడ నేర్చుకోవచ్చు" అన్నది. నేనూ అదే అనబోతున్నాను, ఆమె ముందు అనేసింది.

మార్చిలోనే ఆమె సి.యు.ఇ.టి. కూడా రాసి ఉంది, ఇంట్లో ఎవరికీ గట్టిగా చెప్పలేదు. పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి – అంతర్జాతీయ సంబంధాల ఎం.ఏ.లో సీటొచ్చింది. ఫీజు, హాస్టలు, తిండి, రాకపోకలు కలిపి మాకు ఏడాదికి లక్షా చిల్లర అవుతోంది. బ్రిటన్ పత్రానికి రాలేనని జవాబు తనే రాసింది. రాసిన రోజు అన్నం తినలేదు. ఆషాఢ బోనాలకు ఇంట్లోనే ఉంది గానీ అమ్మవారి ఊరేగింపు చూడడానికి బయటికి రాలేదు. నేను చేసింది సబబేనా అని ఆ వారమంతా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతాను. ఆ ఊళ్లో ఏడాది ఉంటే ఆమెకు ఎవరు పరిచయమయ్యేవారో, ఏ తలుపు తెరుచుకునేదో నా కాగితం మీద రాయలేదు. దానికి కాలమ్ లేదు.

నిజామాబాదు నుంచి మా తమ్ముడి కొడుకు పది రోజుల తర్వాత ఫోను చేశాడు, సంతకానికి వస్తానని. అక్కర్లేదు నాయనా, పండక్కి రా అన్నాను. వచ్చాడు. ఆ సందర్భంలోనే 1979 నాటి పంపకాన్ని రిజిస్టరు చేయించేశాం. మా చెల్లెలి గది ఇప్పుడు ఆమె పేరున ఉంది. మీలో ఇంకా తెల్లకాగితం మీదే ఉన్నవారు ఎవరైనా ఉంటే, అన్నదమ్ములు బతికుండగానే ఆ పని చేసుకోండి.

లెక్క కాగితం నకళ్లు కొన్ని తెచ్చాను, కార్యదర్శి గారి దగ్గర ఉన్నాయి. అంకెలు మావి, మీవి వేసుకోండి. బుధవారం సాయంత్రాలు నేను ఆఫీసులోనే ఉంటాను. మనవలను వెంట తీసుకురండి, వాళ్ల చేతనే లెక్క వేయిద్దాం.